పనికీ బడికీ మధ్య తప్పిపోయిన ఆట

కొన్నాళ్ళ కిందట అనంతపురంలో ఒక కథాపఠన సభకు వెళ్ళాను. ఒక యువ రచయిత కథ చదివాడు. పట్నంలో సెల్‌ఫోను పట్టుకుని మంచం దిగని మనవడిని చూసి, పల్లె నుంచి వచ్చిన తాత కన్నీళ్ళు పెట్టుకుంటాడు. రాగిసంగటి తిని, కొండలెక్కి, బావుల్లో దూకి, ఉక్కులాంటి ఒళ్ళుతో పెరిగిన తన కాలపు పిల్లల్ని తలచుకుంటాడు. సభ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. బస్సులో ఇంటికి వస్తూంటే మాత్రం ఆ తాత నాకు నమ్మదగిన మనిషిగా తోచలేదు. ఆయనది ఏ ఊరు? ఏ కులం? ఎన్నెకరాల పొలం? ఏ కరువుకు ముందు పుట్టాడు, ఏ కరువు తర్వాత? కథ వీటిలో ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. చరిత్ర లేని తాతకు కన్నీళ్ళు సులభంగా వస్తాయి.

అయితే ఆ కథలోని దుఃఖం అబద్ధం కాదు. అంతకు వారం ముందే మా ఉన్నత పాఠశాలలో మండల స్థాయి పోటీలకు పిల్లల్ని ఎంపిక చేయాలని తొమ్మిదో తరగతిని మైదానం చుట్టూ రెండు చుట్లు పరుగెత్తించారు. సగం మంది మొదటి చుట్టు పూర్తి కాకముందే నిలబడిపోయారు. చతికిలబడిన వాళ్ళలో ఇద్దరు పక్కపక్కన కూర్చున్నారు. ఒకతె సన్నగా ఉన్న పిల్ల. కనురెప్ప కిందికి లాగి చూడనక్కరలేదు, ఒంట్లో రక్తం లేదని ముఖం చూస్తేనే తెలుస్తుంది. రెండోవాడు లావుపాటి పిల్లవాడు. వాళ్ళ నాన్నకు రోడ్డు మీద దుకాణం ఉంది, రోజూ మోటారు సైకిలు మీద బడి వాకిట్లో దింపి పోతాడు. లెక్కలు రాసుకునే వాళ్ళు ఈ ఇద్దరినీ రెండు వేర్వేరు పట్టికల్లో చేరుస్తారు. మైదానంలో మాత్రం ఇద్దరూ ఒకే తీరుగా ఎగపోస్తున్నారు.

ఆ పట్టికలు కూడా చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 146 దేశాల వివరాలు పరిశీలించి 2019లో ఒక నివేదిక ప్రకటించారు. 11 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 81 శాతం మందికి రోజుకు గంటసేపైనా ఒళ్ళు అలిసే కదలిక లేదని అది చెప్పింది. అదే కాలంలో, 2019-21లో, జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదని చెప్పింది. మొదటి అంకె తిండి ఉండీ కదలని పిల్లల గురించి, రెండోది తిండి లేక ఎదగని పిల్లల గురించి అని విడదీసి చదవడం మనకు అలవాటు. అనంతపురం పీఠభూమి మీద ఈ రెండు అంకెలూ ఒకే బెంచీ మీద కూర్చుంటాయి, ఒక్కొక్కప్పుడు ఒకే ఒంట్లో ఉంటాయి. కనుక ఇక్కడి పిల్లల ఒళ్ళు ఎందుకు బలహీనపడిందో చెప్పాలంటే ఫోనును తిట్టి ఊరుకుంటే చాలదు. ఇంకా వెనక్కి పోవాలి.

ఎంత వెనక్కి అంటే, రాజుగారి వ్యాయామం దాకా. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కృష్ణదేవరాయల దినచర్య రాసిపెట్టాడు. తెల్లవారకముందే రాయలు నువ్వులనూనె తాగేవాడు, అదే నూనె ఒళ్ళంతా పట్టించుకునేవాడు. మట్టితో చేసిన బరువులు ఎత్తి, ఆ నూనె అంతా చెమటగా కారిపోయేదాకా కత్తి తిప్పి, మల్లుడితో కుస్తీ పట్టి, గుర్రమెక్కి దౌడు తీసేవాడు. మన చరిత్రకారులు ఎంతో మురిపెంగా ఉదాహరించే ఘట్టం ఇది. రాజు చెమట ఒక విదేశీయుడి పుస్తకంలో అయిదు వందల ఏళ్ళుగా ఆరకుండా ఉంది. అయితే ఆ నువ్వులు పండించిన వాడి చెమట సంగతి? 1565 తర్వాత రాజధాని అయిన పెనుకొండ కోటకు రాళ్ళు మోసిన వాళ్ళ పిల్లల సంగతి? తిన్నది అరగడానికి కార్చే చెమటకు వ్యాయామం అని పేరు. తినడానికి కార్చే చెమటకు పని అని పేరు. మన పాత సాహిత్యం మొదటి దానికే అలంకారాలు తొడిగింది.

ఆటల విషయంలో సాహిత్యం కాస్త ఉదారంగానే ఉంది. పాల్కురికి సోమనాథుడు పిల్లల ఆటల పేర్లు వరసపెట్టి చెప్పాడు. ఆ పేర్లను, వాటి తర్వాతి కావ్యాల్లోని పేర్లను ఏరి, యుగం వారీగా అర్థాలు వెతికిన వాడు సురవరం ప్రతాపరెడ్డి. 1949లో వచ్చిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధాలకు ఇచ్చిన చోటు కంటే ఆటలకూ తిళ్ళకూ బట్టలకూ ఇచ్చిన చోటు ఎక్కువ. 1955లో తెలుగులో తొలి సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పుస్తకానికే వచ్చింది. విద్యార్థులు దాన్ని పరీక్షల కోసం కాక మామూలుగా చదివితే ఒక సంగతి గమనిస్తారు. కావ్యాల్లో చాలా ఆటలకు పేరు తప్ప మరేమీ మిగలలేదు. ఎలా ఆడేవారో చెప్పగల వాళ్ళు పోయారు. ఒక ఆట చచ్చిపోయినట్టు ఏ శాసనమూ చెక్కరు కదా.

ఇక మా పీఠభూమికి వస్తాను. పాళెగాండ్ల కాలంలో ఊరూరా గరిడీలు ఉండేవి. కుస్తీ, కర్రసాము నేర్పే తావులు అవి. వాటిని తలచుకుని పొంగిపోయే ముందు అవి ఎందుకు ఉండేవో కూడా తలచుకోవాలి. పాళెగాడికి కావలి కాయడానికీ, పక్క పాళెం మీద పడడానికీ బలమైన ఒళ్ళు కావాలి. ఆ ఒళ్ళను తయారుచేసే కార్ఖానా గరిడీ. కట్టుబడి బంట్ల జీవితం ఎంత చవకగా తెల్లవారేదో బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ చదివిన వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. 1800లో దత్తమండలాలు కుంపిణీ చేతికి వచ్చాయి. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి, ఏడేళ్ళలో దాదాపు ఎనభై మంది పాళెగాండ్లను అణచి, ఆయుధాలు లాక్కుని, బంట్లను నాగలి వెనక్కి పంపాడు. శిస్తు కట్టే ఒళ్ళు ఒకటి చాలు, కత్తి తిప్పే ఒళ్ళు అక్కర లేదు. గరిడీకి పోషణ పోయింది. మిగిలింది పండగ. పీర్ల పండగలో గుండం చుట్టూ అలాయి తొక్కేటప్పుడు, జాతరలో రాతిగుండు ఎత్తేటప్పుడు, చెక్కభజనలో రాత్రంతా ఎగిరేటప్పుడు ఆ పాత ఒళ్ళు కాసేపు కనిపించి పోతుంది. గూగూడు కుళ్ళాయిస్వామి పీర్ల దగ్గర హిందువుల పిల్లలూ తురకల పిల్లలూ కలిసి గుండం చుట్టూ గంటల తరబడి తొక్కడం నేను చూశాను. ఆపమని ఎవరూ చెప్పరు. ఏ డ్రిల్లు మాస్టరూ వాళ్ళ చేత అంతసేపు అడుగు వేయించలేడు.

తర్వాతి ఘట్టం ధాత కరువు. 1876 నుంచి 78 దాకా. అప్పటికి అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగం. 1882లో గాని విడిపోలేదు. 1871, 1881 జనాభా లెక్కలకు నడుమ బళ్ళారి జిల్లాలో దాదాపు అయిదో వంతు జనం తగ్గిపోయారు. ఈ కరువులోనే మన నేల మీద మనిషి ఒంటిని తూకం వేసి పాలించడం మొదలైంది. ఖర్చు తగ్గించే పని మీద 1877 జనవరిలో వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, రాళ్ళు కొట్టి మట్టి మోసే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం చాలన్నాడు. మద్రాసు సానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. ఆ తిండితో ఆ పని చేస్తే మనిషి తన కండనే తిని బతకాలని వాదించాడు. ఆ వాదన తర్వాతనే మద్రాసు ప్రభుత్వం కొలతను సవరించింది. ఈ కొలతలన్నీ పిల్లలకు కూడా వేశారు: పనిచేసే పిల్లలు ఒక తరగతి, పనిచేయని పిల్లలు ఇంకో తరగతి. ఆడుకునే పిల్లలకు ఏ పట్టీలోనూ గడి లేదు. ఉండదు కూడా.

మా నాయన 1944లో పుట్టాడు. 1952 కరువులో రాయలసీమ అంతటా గంజి కేంద్రాలు పెట్టినప్పుడు ఆయనకు ఎనిమిదేళ్ళు. చిన్నప్పుడు ఏ ఆటలు ఆడేవాడివని ఒకసారి అడిగాను. ‘‘ఏం ఆటలు రా! గెంజి కోసరం నాలుగు మైళ్ళు నడిసేదే ఆట. వచ్చేతప్పుడు చెంబు తొణక్కుండా నడిసేది పందెం’’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. సభలో విన్న కథలోని తాతకూ మా నాయనకూ వయసులో పెద్ద తేడా ఉండదు. రోజుకు ఎనిమిది మైళ్ళు నడిచిన పిల్లవాడిని నేటి లెక్కల ప్రకారం మంచి శారీరక దారుఢ్యం గలవాడని రాసుకోవచ్చు. ఆ నాలుగేళ్ళ తర్వాత 1956లో విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ వచ్చింది. ఇంకిపోయిన నదినీ, ఇంకిపోతున్న మనుషులనూ ఒక్క చోట చూపించిన కావ్యం. తన నేల మనుషుల ఒళ్ళు ఎలా ఉండేవో ఆయన చూసి రాశాడు. పూర్వకాలపు ఉక్కు ఒళ్ళను నమ్మే మిత్రులు ఆ కావ్యాన్ని మరొకసారి చదవాలి. గురజాడ ‘దేశభక్తి’ గీతంలో దేహబలం కంటే ముందు తిండిని పెట్టాడు. ఆ వరసను మనం కంఠస్థం చేశాం గాని అర్థం చేసుకోలేదేమో అనిపిస్తుంది.

ఇంతవరకూ చెప్పింది విని, నేను పాత ఆటలకు విరోధినని అనుకోవద్దు. నేను 1980ల్లో పుట్టిన వాణ్ణి. నా బాల్యం వేరుశనగ బాల్యం. అప్పటికే కొర్ర, సజ్జ, ఆరిక వెనక్కి పోయి, శెనక్కాయ పొలాలన్నీ కమ్ముకుంది. ఒక దశలో ఉమ్మడి జిల్లాలో దాని సాగు ఎనిమిది లక్షల హెక్టార్లు దాటింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నిక్కచ్చిగా పడని నేల మీద అంత పంట పెట్టడం జూదమే. సింగమనేని నారాయణ తన కథకు ‘జూదం’ అని పేరు పెట్టింది ఊరికే కాదు. ఆ జూదంలో పిల్లల వాటా కూడా ఉండేది. విత్తే ముందు ఎండాకాలం సెలవులన్నీ విత్తనం కాయలు ఒలవడం. బొటనవేలు పచ్చిపుండు అయ్యేది. కోత కాలంలో పెరికిన చెట్ల నుంచి కాయ విడిపించడం, ఆ తర్వాత భూమిలో మిగిలిన కాయలకు పరిగె ఏరడం.

కాని ఆ పని నడుమ ఆట ఉండేది. పరిగె ఏరుతూనే పందేలు వేసుకునేవాళ్ళం. గొర్రెలు మేపే పిల్లలు కొండ గుండ్ల మీద కోతికొమ్మచ్చి ఆడేవారు. బిళ్ళంగోడు, బొంగరం, చెడుగుడు, ఆడపిల్లలకు తొక్కుడుబిళ్ళ, అచ్చనగాయలు. ఆడపిల్లల ఆట పెద్దమనిషి అయిన రోజుతో ముగిసేది. మా అక్క చెడుగుడులో నన్ను ఎన్నిసార్లు పడేసిందో లెక్కలేదు. పదమూడో ఏట ఒకరోజు ఆమె గడప లోపల కూర్చుంది. మళ్ళీ మాతో ఆడలేదు. ఆ ముచ్చట తలచుకునే కథ ఒక్కటీ సీమలో నేను చదవలేదు.

మా ఆటస్థలం ఊరి చెరువు. ఇది వింటే కోస్తా మిత్రులు నవ్వుతారు. పదేళ్ళలో రెండేళ్ళు నీళ్ళుండే చెరువు, తక్కిన ఎనిమిదేళ్ళూ మాకు మైదానం. కరువు మాకిచ్చిన ఒకే ఒక్క వరం. ఇక ఈత బావిలో. నడుముకు సొరబుర్ర కట్టి ఎవరో ఒక మామ బావిలోకి తోసేవాడు, అంతే చదువు. 1990లు వచ్చేసరికి ఊళ్ళో బోర్లు లోతుకు దిగే కొద్దీ దిగుడుబావులు ఒకటొకటే ఎండిపోయాయి. పోటీ పడి వందల అడుగుల లోతుకు బోర్లు వేసిన వాళ్ళు రైతులే. వాళ్ళను ఆ పోటీలోకి తోసింది అప్పూ ఒంటిపంటా. ఎండిన బావిని కంపతో, చెత్తతో పూడ్చారు. నా తరగతిలో పిల్లల్ని ఈత ఎవరికి వచ్చని అడిగితే ముగ్గురు చేతులెత్తారు. ముగ్గురూ హంద్రీ-నీవా కాలువ దగ్గరి ఊళ్ళ వాళ్ళు. భూగర్భజలం అడుగంటిందని పత్రికలు రాస్తాయి. దానితో పాటు ఒక తరం చేతులకూ రొమ్ముకూ రావలసిన బలం కూడా అడుగంటిందని ఎవరూ రాయరు. చెరువు మైదానంలో ఇప్పుడు కంపచెట్లు మనిషి ఎత్తున అల్లుకున్నాయి. ఆ లోపలికి మేకలు కూడా వెళ్ళవు.

పిల్లలు పనిలోంచి బడిలోకి వచ్చారు. ఇది గొప్ప విషయం, సందేహం లేదు. బొటనవేలు పుండు గుర్తున్నవాడిగా చెబుతున్నాను. కాని బడి వాళ్ళను ఏం చేసింది? మద్రాసులో హెచ్.సి. బక్ అనే అమెరికన్ 1920లో వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల ప్రారంభించాడు. దక్షిణాదిన బళ్ళకు వ్యాయామోపాధ్యాయులు తయారైన తొలి చోట్లలో అది ముఖ్యమైనది. మా తరానికి డ్రిల్లు మాస్టరు అంటే భయం. ‘సావధాన్, విశ్రామ్’ అనే మాటల వెనక పటాలం నీడ ఉన్నమాట నిజమే. అయినా డ్రిల్లు పీరియడు అంటూ ఒకటి టైంటేబుల్లో ఉండేది, ఆ పీరియడులో బంతి బయటికి వచ్చేది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని షెడ్యూల్లో రాసింది. వందమందికి మించి పిల్లలున్న ప్రాథమికోన్నత తరగతులకు వ్యాయామ బోధకుడు ఉండాలంది. చట్టం రాసే నాటికే పట్నాల్లో రెండంతస్తుల అద్దె ఇళ్ళలో ప్రైవేటు బళ్ళు నడుస్తున్నాయి. పల్లెల నుంచి పసుపుపచ్చ వ్యాన్లు పిల్లల్ని ఎత్తుకుపోతున్నాయి. రెండు మైళ్ళ నడక పోయింది, ఆ నడకలోని రేగుపళ్ళూ రాళ్ళ పందేలూ పోయాయి. పదో తరగతి దాటితే రెసిడెన్షియల్ కాలేజీ. తెల్లవారుజామున అయిదు నుంచి రాత్రి పది దాకా కుర్చీ. పిల్లల్ని పొలం నుంచి విడిపించి కుర్చీకి కట్టేశాం.

ఇక్కడ ఎదురు ఉదాహరణ ఒకటి చెప్పకపోతే అన్యాయం. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ పట్నం పక్కనే క్రీడాగ్రామం కట్టింది. 2010లో అక్కడ రఫేల్ నాదల్ పేర టెన్నిసు బడి మొదలైంది. దళితవాడల పిల్లలు టెన్నిసు రాకెట్టు పట్టుకోవడం, ఆడపిల్లలు పొట్టి లాగులతో హాకీ ఆడడం ఈ జిల్లా నలభై ఏళ్ళ కిందట ఊహించినది కాదు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచులు కూడా అక్కడే జరిగాయి. ఆ పచ్చిక చూసి నాకు సంతోషమూ, కడుపుమంటా రెండూ కలిగాయి. ఎంపికైన వాళ్ళకు ఆట ఉంది. ఎంపిక కాని వాళ్ళకు ఉండవలసింది పతకం ఇచ్చే ఆట కాదు, ఊరికే ఆడుకునే ఆట. దానికి దాత దొరకడు. అది సర్కారు చేయవలసిన పని. 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ‘ఆడుదాం ఆంధ్రా’ పోటీలు పెట్టినప్పుడు పదిహేనేళ్ళు నిండిన వాళ్ళకే ప్రవేశం. మా ఎనిమిదో తరగతి పిల్లలు గోడ ఎక్కి చూశారు.

రచయితలమైన మన సంగతి కూడా చెప్పుకోవాలి. సీమ కథలో పిల్లవాడు ఆకలిగా ఉంటాడు, పని చేస్తాడు, వలస పోతాడు, అప్పులపాలైన తండ్రి శవం పక్కన నిలబడతాడు. ఇవన్నీ నిజాలే, రాయవలసినవే. కాని వాడు ఆడడు. ఆట గురించి రాస్తే కరువు తీవ్రత తగ్గుతుందని మనం భయపడ్డాం. విమర్శకులం కూడా ఆ భయాన్ని పెంచి పోషించాం. పదిహేనేళ్ళ కిందట, బిళ్ళంగోడు మీద ఒక కుర్రవాడు రాసిన కథను ‘సమస్య లేని కథ’ అని నేనే ఒక సమీక్షలో కొట్టిపారేశాను. దాంతో ఆట మొత్తం గతాన్ని తలచి ఏడ్చే వాళ్ళ చేతికి పోయింది. వాళ్ళు దాన్ని ఉక్కు ఒళ్ళ తాతకు అప్పగించారు.

చివరికి నా బడి సంగతి. నేను తెలుగు పంతుల్ని. పదో తరగతి ఫలితాల కోసం ఆగస్టు నుంచే ఆటల పీరియడు అడిగి తీసుకునే వాళ్ళలో నేను మొదటివాణ్ణి. లెక్కల సారు, సైన్సు సారు నా తర్వాత. వ్యాయామోపాధ్యాయుడు మెత్తటి మనిషి, కాదనడు. గత ఏడాది నవంబరులో ‘నాకు నచ్చిన పీరియడు’ అని వ్యాసం రాయమన్నాను. అమ్మానాన్నలు బెంగళూరులో మట్టి పనికి పోతే అవ్వ దగ్గర ఉండి చదువుకునే ఒక పిల్ల, ఆటల పీరియడు గురించి రాసింది. ఆ పీరియడులో ఏమేం ఆడుతారో, ఎవరు బాగా పరుగెత్తుతారో పేజీన్నర రాసింది. అంతా భూతకాలంలో రాసింది. నేను ఒత్తులు దిద్ది, పదికి ఏడు వేసి ఇచ్చేశాను. ఇంటికి వచ్చి అన్నం తింటూంటే గాని ఆ భూతకాలం నాకు తగల్లేదు.

మరుసటి వారం ఆ పీరియడు తిరిగి ఇచ్చేశాను. హెడ్మాస్టరు గారు ‘‘ఫలితాలు తగ్గితే మీరే చెప్పుకోవాల’’ అన్నారు. తగ్గవని నేను మాట ఇవ్వలేకపోయాను. పిల్లలు మైదానంలోకి వెళ్ళి చూస్తే సగం కంప కమ్ముకుని ఉంది. మొదటి మూడు పీరియడ్లు కొడవళ్ళు తెచ్చి కంప నరకడంతోనే సరిపోయాయి. ముళ్ళు గుచ్చుకున్నాయి, చేతులు గీసుకున్నాయి. పిల్లల చేత పని చేయిస్తున్నారని ఊళ్ళో ఒకాయన నా మీద కోప్పడ్డాడు. ఆయన కోపం న్యాయమే. ఆ వ్యాసం రాసిన పిల్ల మాత్రం నరికిన కంప కట్టను తాడు కట్టి ఈడ్చుకుంటూ పరుగెత్తింది. వెనక ఇంకో నలుగురు, తమ తమ కట్టలు ఈడ్చుకుంటూ, ఆమెను దాటాలని.